జీవాలను తినేసే నట్టలు: ఏ కాలానికి ఏ జాగ్రత్త?

తొలకరి పడి పది రోజులు గడిచేసరికి రామతీర్థం బోడికొండ వాలులోనూ, చెరువు గట్ల మీదా పచ్చిక లేస్తుంది. ఎండాకాలమంతా ఎండుగడ్డి, రాలిన ఆకులు ఏరుకుని తిన్న గొర్రెలు, మేకలు ఆ లేత గడ్డి మీద పడతాయి. చూసే రైతుకు తన కడుపు నిండినట్టే ఉంటుంది. అయితే ఆ గడ్డితో పాటు జీవాల కడుపులోకి ఇంకొకటి కూడా వెళుతుంది. అది కంటికి కనపడదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలొచ్చేసరికి మందలో ఒకటి వెనకబడుతుంది. ఇంకోదానికి దవడ కింద నీరు దిగుతుంది. మరొకటి సాయంత్రం బాగానే మేసి వచ్చి, తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. దిష్టి తగిలిందనో, పురుగు ముట్టిందనో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం నట్టలే.

ఎకరం, అరెకరం ఉన్న రైతుకు పది గొర్రెలు, నాలుగు మేకలు, ఒక పాడి గేదె ఉన్నాయంటే అవే అతని బ్యాంకు. ఎరువుకు డబ్బు కావాలన్నా, పిల్లల చదువుకు కావాలన్నా, ఇంట్లో జబ్బు చేసినా వాటిలో ఒకదాన్ని సంతకు తోలాల్సిందే. అలాంటి ఇంట్లో ఒక్క వానాకాలంలో రెండు పిల్లలు పోతే ఆ ఏడాది లెక్క తలకిందులవుతుంది.

నట్టల మందు సంగతి మన రైతులకు తెలియనిది కాదు. ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి, పోశాక ఎక్కడ మేపాలి అన్నవే తెలుసుకోవాలి. మందు సగం పనే చేస్తుంది. మిగతా సగం వానను, గడ్డిని, నీటిని చూసుకుని మనమే చేసుకోవాలి.

రక్తం పీల్చే నట్ట

గొర్రెలు, మేకల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది హీమాంకస్ అనే నట్ట. ఇది నాలుగో పొట్టలో ఉంటుంది. పొడవు అంగుళం లోపే. చచ్చిన జీవాన్ని కోసి చూస్తే ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టు కనిపిస్తుంది. పొట్ట గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది.

దీని లెక్క ఒకసారి చూడండి. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం నష్టం చేస్తుంది. అది ఒక చుక్క. కానీ ఒక గొర్రె కడుపులో వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. నెలకు లీటరున్నర. 25 కిలోల గొర్రె ఒంట్లో ఉండే మొత్తం రక్తం కూడా దాదాపు అంతే. తిన్న మేతంతా ఆ రక్తాన్ని పూడ్చడానికే సరిపోతే ఇక ఒళ్లు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్కో ఆడ నట్ట రోజుకు 5 వేల నుంచి 10 వేల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పెంటికలతో నేల మీద పడతాయి. వేడి, తడి రెండూ ఉంటే వారం రోజుల్లో పిల్ల పురుగులై, గడ్డి మీది మంచు తడిలో పైకి పాకుతాయి. గొర్రె ఆ గడ్డి కొరికితే లోపలికి పోతాయి. ఇంకో మూడు వారాలకు అవి కూడా గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అంటే నెలకు ఒక తరం. జూన్‌లో వందల్లో ఉన్న నట్టలు సెప్టెంబరుకు వేలల్లోకి వెళ్లేది ఇలాగే.

ఇంకో సంగతి. ఈ నట్ట ఉన్న జీవం పారుకోదు. పెంటికలు మామూలుగానే వేస్తుంది. పారుకోవడం లేదు కదా, నట్టలు లేవు అనుకోవడం పొరపాటు. మరోపక్క పారుకునే ప్రతి జీవానికీ నట్టలే కారణమనుకోకూడదు. జ్వరం, ముక్కు వెంట చీమిడి, నోట్లో పుండ్లతో పారుకుంటుంటే అది పారుడు రోగం కావచ్చు. బాగా ఒళ్లు చేసిన పిల్ల లేత మేత మేసి ఉన్నట్టుండి చస్తే చిటుకు రోగం కావచ్చు. ఈ రెండింటికీ టీకాలున్నాయి. నట్టల మందు వాటిని ఆపదు.

జలగలు, బద్దె పురుగులు

రెండో రకం జలగలు. కార్జంలో చేరే జలగ ఆకులా బల్లపరుపుగా ఉంటుంది. దీని బతుకు నీటి నత్తతో ముడిపడి ఉంది. పేడలోని గుడ్లు నీటిలో పగులుతాయి, పిల్లలు నత్తలోకి చేరి పెరుగుతాయి. కొన్ని వారాలకు బయటికొచ్చి నీటి అంచు గడ్డికి, వరి దుబ్బుల మొదళ్లకు సన్నటి గింజల్లా అంటుకుంటాయి. పశువు ఆ గడ్డి తింటే మూడు నాలుగు నెలల్లో కార్జం పాడవుతుంది. పాలు తగ్గుతాయి, ఒళ్లు తరుగుతుంది, గొంతు కింద నీరు దిగుతుంది. పొట్టలో చేరే జలగలు ఇంకో జాతి. వీటి పిల్లలు పేగు మొదట్లో ఉన్నప్పుడు ముక్కు పగిలే కంపుతో నీళ్ల విరేచనాలు అవుతాయి.

మూడోది బద్దె పురుగు. పెంటికల్లో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే ఇదే. చూడగానే భయం వేస్తుంది కానీ, కంటికి కనిపించని హీమాంకస్ చేసే నష్టంలో ఇది నాలుగో వంతు కూడా చేయదు. పిల్లల్లో ఎక్కువగా ఉంటే మాత్రం మందు పోయాలి.

తొలకరి నుంచి దసరా దాకా

నట్టలకు ఇది పండుగ కాలం. జూన్ మొదట్లో, వానలు కుదురుకునే ముందు, మందకు ఒకసారి మందు పోయాలి. ఎండాకాలం కడుపులో మిగిలిన నట్టల గుడ్లు కొత్త గడ్డి మీద పడకుండా చూడడం దీని ఉద్దేశం.

ఆ తర్వాత రెండు వారాలకోసారి జీవాల కంటి రెప్పలు చూడాలి. ఎలాగో కింద చెబుతున్నాం. ఉదయం మంచు ఆరకముందే మందను తోలకూడదు. ఎండెక్కి గడ్డి ఆరితే పిల్ల పురుగులు కిందికి దిగిపోతాయి. అవి ఎక్కువగా నేల నుంచి రెండంగుళాల లోపే ఉంటాయి కాబట్టి, గడ్డిని నేల నాకేదాకా మేపకూడదు. ఊరి పక్కన పొట్టిగా కొరికేసిన బీడు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. నట్టలు ఎక్కువ ఉండేది అక్కడే.

దసరా నుంచి సంక్రాంతి దాకా

మన వైపు వానలు సెప్టెంబరుతో ఆగవు. అక్టోబరు, నవంబరులో అల్పపీడనాలు, తుపాన్లు వస్తూనే ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది ఈ రోజుల్లోనే. వరద నీరు పేడను, నత్తలను కొత్త చోట్లకు చేరుస్తుంది. అందుకే వానలు తెరిపిచ్చాక, అక్టోబరు చివర లేదా నవంబరులో ఇంకోసారి పేడ పరీక్ష చేయించి మందు పోయాలి.

చాలా మందల్లో గొర్రెలు ఈనేది కూడా చలి రోజుల్లోనే. ఈనే ముందు, ఈనిన తర్వాత కొన్ని వారాలు తల్లి ఒంట్లో నట్టలను అణిచే శక్తి తగ్గుతుంది. గుడ్లు ఎక్కువగా రాల్చుతుంది. అదే చోట ఆమె పిల్ల మొదటిసారి గడ్డి కొరుకుతుంది. కాబట్టి చూడి గొర్రెల మీద ప్రత్యేకంగా కన్నుండాలి. వరి కోసిన మళ్లలో, ఆ ఏడాది గొర్రెలు తిరగని చోట్ల, నేల ఆరాక పిల్లతల్లులను మేపుకోవడం మంచిది.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా

ఇది జలగల కాలం. చెరువులు, గెడ్డలు ఇంకుతాయి. మెట్టలో గడ్డి ఎండిపోతుంది. చెరువు లోపలి తడి నేలలో మాత్రం పచ్చగా ఉంటుంది. పశువులన్నీ అక్కడికే దిగుతాయి. జలగ గింజలు అంటుకుని ఉండేది ఆ గడ్డికే. ఈ రోజుల్లో మెడ కింద వాపు, పాలు తగ్గడం కనిపిస్తే పేడ పరీక్ష చేయించి, జనవరి, ఫిబ్రవరిలో జలగలకు ప్రత్యేకమైన మందు తాగించాలి. మామూలు నట్టల మందు పోసి జలగలు పోయాయనుకుంటే కుదరదు. ఆక్సీక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ వంటివి దీనికి వాడతారు. ఏది కావాలో పశువైద్యుడు చెప్పాలి.

వరిగడ్డి విషయంలోనూ జాగ్రత్త ఉంది. నీళ్లలో మునిగి ఉన్న మొదళ్లకు జలగ గింజలు అంటుకుని ఉంటాయి. కాస్త పైకి కోసి, బాగా ఎండబెట్టి, కుప్ప వేసి రెండు మూడు నెలల తర్వాత వాడే గడ్డితో భయం తక్కువ. కోసిన వెంటనే పచ్చి దుబ్బులు వేయడంలోనే ప్రమాదం. ఇంకిపోయే మడుగులో దించి తాగించే బదులు బావి నీళ్లో, బోరు నీళ్లో తొట్టిలో పోసి పెడితే సగం జలగలను ఆపినట్టే.

ఎండాకాలం

ఏప్రిల్, మే ఎండలకు బీడు భూముల్లో పిల్ల పురుగులు మాడిపోతాయి. నట్ట జీవం కడుపులోనే దాక్కుని వానకోసం ఎదురుచూస్తుంది. బోరు తొట్టి చుట్టూ కారిన నీటి తడి, అరటి తోట, కొబ్బరి తోట నీడ మాత్రం ఎండాకాలంలోనూ నట్టలకు ఇల్లే. తొట్టి చుట్టూ రాళ్లు పరిచి తడి లేకుండా చూడాలి.

ఈ రోజుల్లో జీవాలకు కావాల్సింది ముందుగా మేత. కడుపు నిండా మాంసకృత్తులున్న మేత తిన్న గొర్రె కొన్ని నట్టలను తట్టుకుంటుంది. సుబాబుల్, అవిసె, గ్లైరిసిడియా కొమ్మలు, తుమ్మ కాయలు, వేరుశనగ కట్టె, గుప్పెడు చెక్క ఏదున్నా పెట్టాలి. మేకలకు కొమ్మలు మేయడమే సహజం. ఎత్తులో ఉన్న ఆకు మేస్తే నట్ట లోపలికి పోదు. నేల గడ్డి మీదకు తోలినప్పుడు మేక గొర్రె కన్నా త్వరగా దెబ్బతింటుంది.

గేదె దూడల లెక్క వేరు

గేదె దూడకు ఏలిక పాములు గడ్డి నుంచి రానక్కర్లేదు. తల్లి ఒంట్లో దాగిన పిల్ల పురుగులు ఈనిన తొలి రోజుల పాలతోనే దూడ కడుపులోకి చేరతాయి. అందువల్ల దీనికి కాలంతో పని లేదు. మూడు నాలుగు వారాల దూడ కడుపులో జానెడు పొడవు పాములు తయారవుతాయి. పొట్ట ఉబ్బుతుంది, వెంట్రుకలు బిరుసెక్కుతాయి, బంకమట్టి రంగులో కంపు కొట్టే విరేచనాలవుతాయి, దూడ మట్టి నాకుతుంది.

అలాగని ముర్రుపాలు మానిపించకూడదు. పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు తాగాల్సిందే. 10 నుంచి 15 రోజుల వయసులో మొదటి మోతాదు పైపరజిన్ వంటి మందు పట్టించాలి. తర్వాత ఆరు నెలల వయసు వచ్చేదాకా నెలకోసారి పశువైద్యుని సలహాతో పట్టించాలి. మొదటి మోతాదు సమయానికి పడితే పాములు గుడ్లు పెట్టకముందే పోతాయి, సాలలో నేల కూడా శుభ్రంగా ఉంటుంది.

కంటి రెప్ప చెప్పే మాట

దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990లలో ఒక తేలికైన పద్ధతి తయారు చేశారు. గొర్రె కింది రెప్పను వేలితో తిప్పి లోపలి రంగు చూస్తారు. మంచి ఎరుపు ఒకటో మెట్టు, కాగితంలా తెలుపు అయిదో మెట్టు. ఎరుపు, గులాబి రంగున్న వాటికి మందు అక్కర్లేదు. పాలిపోయి తెల్లబడిన వాటికి వెంటనే పోయాలి. మధ్యరకంగా ఉన్నవి పిల్లలో, చూడి గొర్రెలో, బక్కవో అయితే పోయాలి. దీనికి ఖర్చు లేదు, పగటి వెలుగుంటే చాలు. ఇది రక్తం పీల్చే నట్టకే పనికొస్తుందని మాత్రం మరవద్దు.

ఇలా చూసినవారు గమనించిన విషయం ఒకటుంది. మందలోని నట్టల్లో ఎక్కువ భాగం కొద్ది జీవాల్లోనే ఉంటాయి. పది గొర్రెల్లో రెండు మూడే మిగతా అన్నిటికీ నట్టలు పంచుతుంటాయి. మాటిమాటికీ తెల్లబడే గొర్రెను, దాని పిల్లలను విత్తనానికి ఉంచుకోకుండా అమ్మేయడం మేలు.

మోతాదు తగ్గిస్తే మందుకే చేటు

సీసా ధర చూసి ఉన్న మందును మందకంతా కొంచెం కొంచెం సర్దడం చాలా చోట్ల ఉంది. దీనివల్ల బలహీనమైన నట్టలు చచ్చి, గట్టివి మిగులుతాయి. తర్వాత పుట్టేవన్నీ ఆ గట్టి నట్టల పిల్లలే. కొన్నేళ్లకు ఆ మందు నీళ్లతో సమానం.

కాబట్టి బరువు తెలియాలి. కాటా లేకపోతే టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి తోక పక్క ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 28, పొడవు 24 అంగుళాలైతే 28ని 28తో, మళ్లీ 24తో గుణిస్తే 18,816. దాన్ని 660తో భాగిస్తే 28న్నర కిలోలు.

ఇప్పుడు మందు లెక్క. ఆల్బెండజోల్ గొర్రెకు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే ఈ గొర్రెకు సుమారు 214 మిల్లీగ్రాములు కావాలి. 2.5 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటాయి కనుక ఎనిమిదిన్నర మిల్లీలీటర్లు. సీసా మీద శాతం మారితే లెక్క మారుతుంది, చదివించుకుని పోయండి.

మేక ఒంట్లో ఈ మందు త్వరగా అరిగిపోతుంది కాబట్టి గొర్రె మోతాదు దానికి చాలదు. అలాగని అన్ని మందులూ పెంచకూడదు. లెవమిసోల్ మేకకు ఎక్కువైతే విషమవుతుంది. క్లోసాంటెల్ మోతాదు మించితే కళ్లు పోతాయి. కట్టిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ పోయకూడదు, పిండానికి హాని. మందు పోశాక పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో కూడా అడగాలి.

మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తకుండా, నాలుక మీదుగా వెనక్కి నెమ్మదిగా పోయాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోయి జీవం దక్కదు.

గుర్రాలు నేర్పిన పాఠం

మందులు మొండికేయడం కొత్త కాదు. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో వచ్చింది. 1964కే గొర్రెల హీమాంకస్ దానికి లొంగడం లేదని అమెరికాలో తేలింది. మన దేశంలో గొర్రెల్లో ఈ సంగతి 1976లోనే నమోదైంది. 1981లో పశువులకు వచ్చిన ఐవర్‌మెక్టిన్ ఎంత గొప్ప మందంటే, దాన్ని కనిపెట్టిన కాంప్‌బెల్, ఒముర అనే శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పుడు దానికీ లొంగని నట్టలు చాలా దేశాల్లో ఉన్నాయి.

గుర్రాల కథ ఇంకా స్పష్టం. 1966లో అమెరికాలోని కెంటకీలో డ్రడ్జ్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు గుర్రాలకు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మందు పోయమని సలహా ఇచ్చారు. రక్తనాళాలను దెబ్బతీసే పెద్ద నట్ట దాంతో బాగా తగ్గింది. కానీ ఏళ్ల తరబడి కాలం చూడకుండా, పేడ పరీక్ష లేకుండా పోస్తూ పోయేసరికి పేగుల్లోని చిన్న నట్టలు మందుకు అలవాటుపడ్డాయి. ఇప్పుడు ఆ దేశాల్లోనూ ముందు లద్దె పరీక్ష, తర్వాతే మందు అంటున్నారు. డబ్బున్న గుర్రాల యజమానులే ఈ దారికి వచ్చాక, ఒక్కో సీసా లెక్కపెట్టి కొనే మనకు ఇది మరీ అవసరం.

అందుకే మందు పోసేటప్పుడు మందలో బాగా ఒళ్లున్న, రెప్పలు ఎర్రగా ఉన్న ఒకటి రెండు పెద్ద జీవాలను వదిలేయమని నిపుణులు చెబుతున్నారు. వాటి నుంచి వచ్చే మామూలు నట్టలు గట్టి నట్టలతో కలిసిపోయి మందు పదును నిలుస్తుంది.

బీడు మార్చడం మరో ఉపాయం. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల్లో మేకల మీద పరీక్ష చేశారు. మేత భూమిని పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మూడున్నర రోజులే మేపి, నెల రోజుల పైన ఖాళీగా వదిలారు. నట్టల గుడ్లు సగానికి పైగా తగ్గాయి. అంత భూమి మనకు లేదు. అయినా ఊరి కాపరులు నలుగురూ మాట్లాడుకుని కొండ వాలు ఒక నెల, గట్లు ఒక నెల అని వంతు పెట్టుకోవచ్చు. గొర్రెల నట్టలు ఎక్కువగా ఆవులకు అంటవు. గొర్రెలు మేసిన చోట తర్వాత పెద్ద ఆవులను, ఎద్దులను మేపితే అవి పురుగులను తినేసి నేలను శుభ్రం చేస్తాయి.

పేడ పరీక్ష ఎలా?

ఉదయాన్నే జీవం మలద్వారం నుంచి తీసిన పది పెంటికలు చిన్న ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఎండ తగలకుండా అదే పూట పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. మందు పోసిన 10 నుంచి 14 రోజులకు మళ్లీ చూపిస్తే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. గుడ్లు నూటికి 95 తగ్గకపోతే మందు జాతి మార్చాలి. సీసా మీద కంపెనీ పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు, లోపలి మందు పేరు చూడాలి.

వేపాకు మేపితే తప్పు లేదు, కానీ తెల్లబడిన గొర్రెను అది కాపాడదు. పొగాకు కషాయం జోలికి అసలు పోవద్దు, నట్టకన్నా ముందు గొర్రె చస్తుంది.

గుర్తుంచుకోవాల్సినవి

1. తొలకరికి ముందు, వానలు తెరిపిచ్చాక నట్టల మందు. సంక్రాంతి తర్వాత జలగల మందు.

2. వానాకాలంలో పదిహేను రోజులకోసారి కంటి రెప్ప చూడాలి.

3. మంచు ఆరాకే మేతకు తోలాలి. ఇంకే మడుగు నీళ్లు తాగించకూడదు.

4. గేదె దూడకు 10, 15 రోజుల్లో మొదటి మందు.

5. బరువు కొలిచి పూర్తి మోతాదు పోయాలి. సర్దుబాటు వద్దు.

6. కొత్తగా సంతలో కొన్న జీవాన్ని రెండు వారాలు విడిగా కట్టి, మందు పోసి, పేడ చూపించాకే మందలో కలపాలి.

పశుసంవర్ధక శాఖ విడతలుగా ఊళ్లలో గొర్రెలు, మేకలకు నట్టల మందు ఉచితంగా తాగిస్తుంటుంది. ఆ రోజు మందను కొండకు తోలేయకుండా ఇంటి దగ్గరే ఉంచుకోవాలి. జీవం లేవలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవచ్చు. మందలో వరుసగా చావులుంటే గరివిడి పశువైద్య కళాశాల మన జిల్లాలోనే ఉంది. చచ్చినదాన్ని పూడ్చేసే ముందు పశువైద్యుని చేత కోయించి చూపిస్తే, మిగిలినవాటిని దక్కించుకునే దారి దొరుకుతుంది.